అత్తయ్యగారి గదిలో ఆగిపోయిన పెట్టె

డిస్కుల ఇంజనీరుగారికి,

నమస్కారం. మనకి పరిచయం లేదు. ‘చెడిపోయిన సర్వర్లలోంచి, స్టోరేజీ పెట్టెల్లోంచి పోయిన సమాచారం వెనక్కి తీసి ఇవ్వబడును’ అన్న మీ బోర్డు ఒకసారి బస్సులోంచి చూశాను. అప్పుడు నవ్వుకున్నాను. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

మాది కట్టుడు పళ్లు చేసే చిన్న కార్ఖానా. నడిపేది మా అత్తయ్యగారు. నేను అల్లుణ్ణి, అంటే జీతం పుచ్చుకునే భయస్థుణ్ణి. మా మామగారు బతికున్నన్నాళ్లూ పళ్ల ఆకారాలు చేత్తో చెక్కి ప్లాస్టర్ అచ్చులు పోసేవారు. ముసలివాళ్లకి నప్పేవి, పాటలు పాడేవాళ్లకి నప్పేవి, కోపిష్టి మొహాన్ని కూడా కాస్త మెత్తగా చూపించేవి, ఒక గది నిండా ఉండేవి. పోయినేడు నేనే వెంటపడ్డాను. "ఈ దుమ్మంతా ఎందుకు అత్తయ్యగారూ, అన్నీ స్కాన్ చేసి కంప్యూటర్లో పెట్టేద్దాం" అన్నాను. ఆవిడ చాలాకాలం ఒప్పుకోలేదు. చివరికి ఏమనుకున్నారో, "సరే, నీ మాట కాదనడం ఎందుకు" అన్నారు. ఆ ఇంట్లో నా మాట చెల్లడం అదే మొదలు. స్కాన్లన్నీ నాలుగు అరల స్టోరేజీ పెట్టెలోకి ఎక్కించి, దాన్ని ఆవిడ గదిలోనే ఉంచాం. ప్లాస్టర్ అచ్చుల్ని పగలగొట్టించి, ఆ ముక్కలతో గేటు ముందున్న గుంత పూడ్పించాను.

ఇప్పుడు ఆవిడ కంటి ఆపరేషన్‌కని వెళ్లారు. ఆవిడ వెళ్లిన పొద్దునే ఫ్యాన్ పెట్టుకుందామని ఆ గదిలో ఒక ప్లగ్గు పీకాను. తల తిప్పి చూస్తే పెట్టె మీద ఒక్క దీపం లేదు. ప్లగ్గు మళ్లీ పెట్టాను, బటన్ నొక్కాను. కీచుమని ఒక్కసారి అరిచి ఊరుకుంది.

విప్పి చూస్తే రెండు ట్రేల్లో డిస్కులున్నాయి, రెండు ట్రేలు ఖాళీ. మున్ముందు పనికొస్తాయని అమ్మినవాడు వదిలి ఉంటాడు. ఉన్న రెండూ తువ్వాలులో చుట్టి పంపుతున్నాను. మా మామగారి చేతిపని అంతా వాటిలోనే ఉంది. ఇంకెక్కడా లేదు.

జవాబు ఉత్తరంలోనే రాయండి. మా ఈమెయిలు కూడా ఆ పెట్టెతోపాటే పోయింది. ఫోన్ అసలు వద్దు. మా ఇంట్లో ఫోన్ మోగితే మా ఆవిడ చెవిలో మోగినట్టే, ఆవిడ చెవిలో మోగితే వాళ్లమ్మ చెవిలో మోగినట్టే. ఈ సంగతి ఎవరికీ చెప్పనని కాగితం మీద సంతకం చేసి పంపండి. ముఖ్యంగా మా అత్తయ్యగారికి.

మీ మీదే ప్రాణాలు పెట్టుకున్న,
అల్లుడు

తా.క.: డిస్కులు వేడిగా అనిపించి కాసేపు ఫ్రిజ్‌లో పెట్టాను. ఉల్లిపాయ వాసన వస్తే కంగారు పడకండి.

*

అల్లుడుగారికి,

నమస్కారం. డిస్కులు అందాయి. ఉల్లిపాయ వాసన కూడా అందింది. దయచేసి ఇకమీదట దేన్నీ ఫ్రిజ్‌లో పెట్టకండి, ఎండలో పెట్టకండి, ఊదకండి, తట్టకండి. ఆ పెట్టెని మళ్లీ ఆన్ చేయకండి. మీరడిగిన కాగితం సంతకం చేసి జతపరిచాను. ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పే అలవాటు మా దగ్గర లేదు. ఈ దుకాణం నిలబడిందే దానిమీద.

ఇక అసలు సంగతి. మీ పెట్టె ఒక్కో ఫైలునీ ముక్కలు చేసి నాలుగు డిస్కుల మీదా పరుస్తుంది. నాలుగింట్లో ఒకటి పోయినా, మిగతా మూడింటినీ బట్టి లెక్కగట్టి ఫైలు తీయగలను. రెండు లేకపోతే మాత్రం ఎవరి వల్లా కాదు. మీరు పంపినవి రెండే. ఆ ఖాళీ ట్రేలు అమ్మినవాడు వదిలినవి కావు. మొన్నమొన్నటిదాకా వాటిలో డిస్కులు తిరిగాయని ఈ రెండింటిలో గుర్తులున్నాయి. వాటినెవరు తీశారు? అన్నిటికీ ఇంకో కాపీ ఎక్కడైనా పెట్టారా?

విధేయుడు,
డిస్కుల ఇంజనీరు

తా.క.: రాత వంకరగా ఉంటే క్షమించండి. ఒక పెద్దావిడ రోజూ వచ్చి నా బల్లకి ఎదురుగా కూర్చుంటున్నారు. ఏమీ అనరు, చూస్తారు. ఉండుండి "అయిందా?" అంటారు. అన్నప్పుడల్లా నా చేతిలో స్క్రూడ్రైవర్ జారిపోతోంది.

*

ఇంజనీరుగారికి,

నమస్కారాలు. ‘వాటినెవరు తీశారు’ అన్న ముక్క దగ్గర నా గొంతు తడారిపోయింది. మా ఆవిడ మంచినీళ్లు తెచ్చి ఏమైందంది. ఎండ అన్నాను. బయట వాన పడుతోంది.

ఇది దొంగతనం. పళ్ల అచ్చులు ఎవరు దొంగిలిస్తారని మీకు అనిపించవచ్చు. మూడు వీధుల అవతల ఇంకో పళ్ల కార్ఖానా ఉంది. దాని యజమానికి మా మామగారి పనితనమంటే ఎప్పట్నుంచో కడుపుమంట. వెంటనే అత్తయ్యగారి గదికి తాళం మార్పించాను. దొంగ మళ్లీ వస్తే అడుగులు పడతాయని గుమ్మం ముందు ప్లాస్టర్ పొడి పలచగా చల్లాను. సాయంత్రానికి అడుగులు పడనే పడ్డాయి. తీరా పోల్చి చూస్తే నావే.

కాపీ సంగతి అడిగారు. నేను మరీ అంత తెలివితక్కువవాణ్ణి కాదండీ. అన్నిటికీ రెండో కాపీ తీసి, ‘భద్రం’ అని పేరు పెట్టి, అదే పెట్టెలో పక్కనే పెట్టాను.

అత్తయ్యగారు రోజూ ఫోన్ చేస్తున్నారు. కన్నెలా ఉందంటే చెప్పరు. "నా గదిలో పెట్టె బాగుందా?" అంటారు. "బ్రహ్మాండంగా ఉందండీ" అంటాను. "నువ్వు చూశావా?" అంటారు. "ఇప్పుడే చూసి వచ్చానండీ" అంటాను. ఆవిడకి ఎలాగో తెలిసిపోయింది. తెలిసి నా నోటితోనే చెప్పించాలని చూస్తున్నారు. నాకు అన్నం సయించడం లేదు.

వణుకుతూ,
అల్లుడు

తా.క.: ఆ పెద్దావిడ గురించి. అలాంటివారు మా ఇంట్లోనూ ఉన్నారు గనక అనుభవంతో చెబుతున్నాను. టీ ఇవ్వండి. చక్కెర వద్దు, ఒక్క మిరియం దంచి వేయండి. సగం గ్లాసే పోసి మూత పెట్టండి. బిస్కెట్ విరిచి సగమే ఇవ్వండి. మొత్తం ఇస్తే, నన్ను తిండిపోతు అనుకుంటున్నావా అంటారు.

*

అల్లుడుగారికి,

నమస్కారం. భయపడకండి. మిగతా రెండు డిస్కులూ క్షేమంగా ఉన్నాయి. ఎక్కడున్నాయో, ఎవరివో చెప్పలేను. వాటి తాలూకు మనిషి ఒప్పుకుంటేనే మీ రెండింటితో కలపగలను. మీరూ ఒప్పుకోవాలి. ఇద్దరూ కాగితం మీద రాసి ఇవ్వాలి. త్వరగా తేల్చండి, నాలుగింట్లో ఒకటి ఇక ఎంతోకాలం తిరిగేలా లేదు.

ఇంతకుమించి నన్నేమీ అడగకండి. నాకూ పెళ్లాం పిల్లలున్నారు.

విధేయుడు,
డిస్కుల ఇంజనీరు

తా.క.: టీ మీరు చెప్పినట్టే చేశాను. ఆవిడ మూత తీసి వాసన చూశారు. ఒక గుక్క తాగారు. ఆ సగం బిస్కెట్ చేతిలో పట్టుకుని నన్నే చూస్తూ ఉండిపోయారు. అప్పట్నుంచి "అయిందా?" అనడం కూడా మానేశారు. ఇంతకు ముందే నయమండీ.

*

అయ్యా,

ఇంకేమని పిలవాలో తోచడం లేదు. ‘క్షేమంగా ఉన్నాయి.’ ‘ఎక్కడున్నాయో చెప్పలేను.’ ‘నాకూ పెళ్లాం పిల్లలున్నారు.’ మనుషుల్ని ఎత్తుకుపోయినవాళ్లు ఇలాంటి ఉత్తరాలు రాస్తారని విన్నాను. మిమ్మల్ని కూడా ఆ ముఠా బెదిరిస్తోందా? అయితే వచ్చే ఉత్తరంలో ఏదో ఒక మాట కింద గీత గీయండి. నేను అర్థం చేసుకుంటాను. చేసుకుని ఏం చేయగలనో తెలియదు, కానీ అర్థం మాత్రం చేసుకుంటాను.

దొంగ మళ్లీ వచ్చాడు. మీకు కిందటి ఉత్తరం పంపిన రోజు మధ్యాహ్నం, అందరం కింద పనిలో ఉండగా. కొత్త తాళంలో తలపిన్ను విరిగి ఉంది. పొడిలో అడుగులున్నాయి, ఈసారి నావి కావు. చిన్న పాదం, ఎడమ మడమ దగ్గర అరిగిన చెప్పు. ముఠాలో పొట్టివాడొకడు ఉన్నాడు. అన్నిటికన్నా భయమేసిందేమిటంటే, వెళ్తూ వెళ్తూ వరండాలో మొక్కకి నీళ్లు పోసి వెళ్లాడు. ఎంత గుండె నిబ్బరం ఉన్నవాడో చూడండి.

నాకు ఉద్యోగం పోతుందని భయం లేదు. అసలు లేదంటే అబద్ధం, కొంచెం ఉంది. కానీ అచ్చులు పగలగొట్టించిన రోజు అత్తయ్యగారు కిటికీ దగ్గర నిలబడి చూశారు. నన్ను నమ్మారు. మామగారి చేతిపని ఇక ఏదీ మిగల్లేదని ఆవిడ మొహం చూసి ఎలా చెప్పను? ఆ గుంత మీద కాలు పెట్టలేక కొన్నాళ్లుగా పక్క గోడ దూకి ఇంట్లోకి వస్తున్నాను.

ఒప్పుకుంటున్నాను. ఎవరివైనా సరే, దొంగవైనా సరే, కలిపేయండి. నా సంతకం కింద ఉంది. ఈ ఒక్కసారి నన్ను గట్టెక్కించండి.

ఇట్లు,
అల్లుడు

తా.క.: మీ దగ్గర కూర్చునే ఆ పెద్దావిణ్ణి, నా ఊసెత్తకుండా ఒక్క మాట అడిగి పెట్టండి. అత్తగారికి అల్లుడు నిజం చెప్పేస్తే ఏమవుతుంది? మన వయసువాళ్లకి తెలియదు. ఆవిడే చెప్పాలి.

*

చిరంజీవి అల్లుడికి,

కవరు మీద ఇంజనీరు రాత చూసి తెరిచి ఉంటావు. లోపల నా రాత చూసి కూర్చుండిపోయి ఉంటావు. ఇంకా నిలబడే ఉంటే కూర్చో.

ఆ పెద్దావిడని నేనే.

నాకు కంటి ఆపరేషనూ లేదు, ఏమీ లేదు. వచ్చేటప్పుడు పెట్టుకుందామని నల్ల కళ్లద్దాలు మాత్రం కొన్నాను. నువ్వేం చేశాననుకుని హడలిపోతున్నావో నాకు తెలియదు. ఏం చేసి ఉన్నా, అప్పటికే ఆ పెట్టె చచ్చి ఉంది. చంపింది నేను.

బయల్దేరే ముందురోజు దాని మీద ఒక దీపం ఎర్రగా వెలిగింది. నిన్ను పిలవాల్సింది. పిలిస్తే, ఈవిడకి మొదట్నుంచీ ఇది ఇష్టం లేదు, కావాలనే ఏదో చేసింది అనుకుంటావని భయమేసింది. నేనే ఆ డిస్కు లాగి, రుమాలుతో తుడిచి మళ్లీ పెట్టాను. అది సరిగా కూర్చోలేదు. పక్కది కూడా లాగి తుడిచాను. అంతే, దీపాలన్నీ పోయాయి. ఆ రెండూ సంచిలో వేసుకుని, ఖాళీ ట్రేలు నొక్కి, ఇక్కడ నా స్నేహితురాలింట్లో దిగాను. ఎవరికీ చెప్పనని ఇంజనీరు చేత సంతకం చేయించుకున్నాను. ముఖ్యంగా మా అల్లుడికి అన్నాను. పాపం, ఆ మనిషి రెండు జేబుల్లో రెండు కాగితాలు పెట్టుకుని ఎలా తిన్నాడో, ఎలా పడుకున్నాడో.

నేను ఫోన్ చేస్తే నువ్వేమో బ్రహ్మాండంగా ఉందండీ అంటావు. సగం పెట్టె నా సంచిలో వచ్చేశాక అది బ్రహ్మాండంగా ఎలా ఉంటుంది? నీకు అంతా తెలిసిపోయి నన్ను ఆటపట్టిస్తున్నావనుకున్నాను. నాకూ అన్నం సయించలేదు.

మిగతా రెండు డిస్కులూ లేనిదే పని జరగదన్నాడు ఇంజనీరు. వాటి కోసం ఇంటికొస్తే నా గదికి నాకే తాళం. తలపిన్ను విరిగింది. గుమ్మంలో ఎవరో పొడి పోసి పెట్టారు, జారి పడబోయాను. మొక్క ఎండిపోయి ఉంది. నువ్వు నీళ్లు పోయవని నాకు తెలుసు.

తర్వాత ఆ టీ వచ్చింది. చక్కెర లేదు, మిరియం ఉంది, మూత ఉంది, బిస్కెట్ సగమే ఉంది. నన్ను ఈ రకంగా భరించే మనిషి లోకంలో ఒక్కడే ఉన్నాడు. నువ్వూ ఇక్కడికే రాస్తున్నావని అప్పుడే అర్థమైంది. అయినా నోరు విప్పలేదు. భయమంతా నీ ఒక్కడి సొత్తనుకున్నావా? నిన్న ఇంజనీరే వచ్చి, "ఎవరో అడిగారండీ, అత్తగారికి అల్లుడు నిజం చెబితే ఏమవుతుందని" అన్నాడు. కాగితం తెమ్మని, కలపమని రాసి ఇచ్చాను.

కలిపాడు. మధ్యలో ఒక డిస్కు ఆగిపోయింది. మిగతా మూడూ చాలావరకు సరిపోయాయి. తెర మీదకి మొదట వచ్చింది మీ మామగారి మొదటి అచ్చు. పెళ్లైన కొత్తలో నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, నవ్వమని చెప్పి, చూసి చెక్కిన పళ్లు అవి. ముందు పన్ను కాస్త వంకర. ఇంజనీరు కంగారుపడి, "ఇది దెబ్బతిన్నట్టుందమ్మా, వంకరగా వచ్చింది" అన్నాడు. నేను నవ్వి చూపించాను. నన్ను చూసి ఆ మనిషి భయపడకుండా ఉండడం అదే మొదటిసారి.

కొన్ని రాలేదు. దిగులు పడకు. అవన్నీ జనం నోళ్లలో ఉన్నాయి. మూలమీది మందుల షాపాయన నోట్లో ఒకటి, రిటైరైన బస్సు కండక్టర్ నోట్లో ఒకటి. వెళ్లి అచ్చు తీసుకుందాం. అడగడం నువ్వే అడుగు. నేనడిగితే ఒక్కరూ నోరు తెరవరు.

నేను రేపు వస్తున్నాను. ఆ కొత్త తాళానికి నాకో తాళంచెవి చేయించు. ఇకనుంచి గేటులోంచే రా. నువ్వు గోడ దూకి వస్తున్నావు, తాగుడు మొదలుపెట్టావేమోనని అమ్మాయి ఫోన్‌లో ఒకటే ఏడుపు.

దీవెనలతో,
మీ అత్తయ్య

తా.క.: కాపీ కోసం ఇంకో పెట్టె కొనమని ఇంజనీరు మరీమరీ చెప్పాడు. కొందాం. ఒకటి నా గదిలో, ఒకటి నీ గదిలో. ఎవరిది వాళ్లు పాడుచేసుకున్నా రెండోవాళ్లకి చెప్పక్కర్లేదు.