ఆపని కంప్యూటర్

పిచ్చుకకు నాన్న ఆశీస్సులు. నేను బాగానే ఉన్నాను. నువ్వూ అల్లుడూ కులాసా అని తలుస్తాను.

అమ్మ చివరి రోజు సంగతి వరసగా చెప్పమన్నావు. చెప్పడానికి పెద్దగా లేదు. అమ్మ పొద్దున్నే కంప్యూటర్ ముందు పనికి కూర్చుంది. వీధి చివరి దర్జీ ఇచ్చిన పాత ఫోటో, వాళ్లమ్మది. చిరుగు సరిగ్గా కళ్ల మీదుగా పోయింది. మధ్యాహ్నానికి ఒక కన్ను బాగుచేసింది. "కాస్త నడుం వాల్చి వస్తా. కంప్యూటర్ ఆపేయకండి, మీకసలే చెయ్యి ఊరుకోదు" అంది. నేను టీ పట్టుకుని వెళ్లేసరికి అయిపోయింది.

ఇక నీ ప్రశ్న. అమ్మకు నువ్వు కొనిపెట్టిన మెమరీ అట్టపెట్టె మీద 3200 అని ఉంటే, సెట్టింగు మార్చాక కూడా తెర మీద 1200 ఎందుకు చూపిస్తోంది, కొట్టువాడు మోసం చేశాడా అన్నావు. చేయలేదు. ఆ అంకె లోపలి గడియారానిది. అది ఒక్కసారి కొట్టుకుంటే సమాచారం రెండుసార్లు కదులుతుంది. కాబట్టి 1200 అంటే 2400 అని చదువుకోవాలి. మనం చెప్పేదాకా కంప్యూటర్ ఆ నిదానంలోనే నడుస్తుంది. ఆపి, మళ్లీ వెలిగేటప్పుడు సెట్టింగుల్లోకి వెళ్లి అట్ట మీది వేగం ఎంచుకోవాలి. ఎంచుకుని ఉంటే 1600 చూపించేది.

నేను ఎంచుకోలేదు. మార్చానని నీకు అబద్ధం రాశాను.

ఆ రోజు నుంచి దాన్ని ఆపలేదమ్మా. బొమ్మ సేవ్ చేసుకోవచ్చు. కానీ అమ్మ చేసిన వరస మెమరీలోనే ఉంది, ఆపితే పోతుంది. వెనక్కి నొక్కితే తన గీతలు ఒక్కొక్కటే తొలగి కన్ను మళ్లీ చిరుగుతుంది. ముందుకు నొక్కితే తను గీసిన వరసలోనే తిరిగొస్తాయి. రెప్ప దగ్గర ఒకటి గీసి, నచ్చక చెరిపి, మరొకటి గీసింది. ఆ తటపటాయింపు తనదే. రోజూ కూర్చుని చూస్తున్నాను. ముందుగదిలో ఉన్నా ఆ కంప్యూటర్ ఫ్యాను చప్పుడుకు లోపల మనిషి ఉన్నట్టే ఉంటుంది. దీపం మినుకుమంటే పరిగెత్తుతాను.

మొన్న దర్జీ వచ్చాడు. వాళ్లమ్మకు మరో ఫోటో లేదు. అడగలేక, నా చొక్కా కాలరు పోయిందని వేలెట్టి చూపించి, కుడతానని చెప్పి, గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. "అన్నగారూ, ఒంటి కన్నుతోనైనా ఇచ్చెయ్యండి. మా అమ్మేగా, పోల్చుకుంటాను" అన్నాడు.

అతను వెళ్లాక తెర ముందు కూర్చున్నాను. వెనక్కి నొక్కబోయి చెయ్యి తీసేశాను. ఆ ఒక్క కంటితో ఆవిడ నన్నే చూస్తోంది.

రెండో కన్ను నువ్వు చేయగలవు. అమ్మ దగ్గర నేర్చిన పనేగా. రేపు ఉదయం బొమ్మ సేవ్ చేసి నీకు పంపుతాను. తర్వాత కంప్యూటర్ ఆపుతాను.

ఇట్లు,
నీ నాన్న