కాలి మీద గుంట

మదనపల్లె,
5-8-1999

ప్రియమైన పెద్దమ్మకు,

సుధ నమస్కారాలు. నువ్వు పంపిన చెనిక్కాయ ఉండలు అందాయి. హాస్టల్లో అందరూ దోచుకోగా నాకు దక్కినవి రెండే.

మా ఫైనలియర్ ప్రాక్టికల్స్ ఈ నెల 30న. ఒక్కొక్కరికి ఒక పేషెంటును ఇస్తారు. నాడి, ఊపిరి, ఒళ్ళు అన్నీ పరీక్షించి, జబ్బేమిటో, ఏం సేవ చెయ్యాలో బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్‌కు చెప్పాలి. మా నర్సింగ్ స్కూలు ఆస్పత్రిలో ఉన్నవే ఇరవై మంచాలు, అందులో సగం ఖాళీ. అందుకని ఎవరి కేసును వాళ్ళే తెచ్చుకోమని మేడమ్ చాటుగా చెప్పింది. షైలజ వాళ్ళ తాత ఉబ్బసాన్ని తెస్తోంది. నాకు నువ్వున్నావు.

నీ గుండె జబ్బు అచ్చం పుస్తకంలో ఉన్నట్టే ఉంటుంది. ఒకటే చిక్కు. ఒంట్లో నీరు లాగే మాత్ర రోజూ వేసుకుంటావు కదా, దాంతో నీ కాళ్ళు మామూలుగా ఉంటాయి. చూపించడానికి ఏమీ ఉండదు. 10వ తేదీ నుంచి ఆ మాత్ర ఆపెయ్. నీరు చేరి పాదాలు వాచాలి. బొటనవేలితో ఒత్తితే గుంట పడాలి, వెంటనే పూడకూడదు. నా మార్కులన్నీ ఆ గుంటలోనే ఉన్నాయి.

ప్రమాదమేమీ లేదులే. పరీక్ష అయిన సాయంత్రమే నా చేత్తో మాత్ర వేస్తాను. అమ్మ పోయినప్పటి నుంచి ఏది అడిగినా కాదనలేదు నువ్వు. ఈ ఒక్కటీ చెయ్యి.

నీ ముద్దుల
సుధ


కుప్పం,
16-8-1999

చిరంజీవి సుధకు,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు చెప్పినట్టే మాత్ర ఆపాను. పాదాలు పూరీల్లా పొంగాయి. చెప్పులు పట్టక అంగన్‌వాడీకి ఉత్త కాళ్ళతో పోతున్నాను. ఆయా అంజమ్మ చూసి, "ఇదేంది టీచరమ్మా, కాళ్ళు ఈ మాదిరి వాసిపోయిండాయి! డాక్టరు దగ్గరికి పోదాం పా" అని ఒకటే గోల. మా పాప పరీక్ష కోసం పెంచుతున్నానని చెప్పలేక నవ్వి ఊరుకున్నాను.

మొన్నటి నుంచి మాత్రం పడుకుంటే ఊపిరి ఆడటం లేదు. గోడకు ఆనుకుని కూర్చునే కునుకు తీస్తున్నాను. నిన్న పిల్లలకు పాట చెబుతూ సగంలో ఆపేశాను. నాకు భయంగా ఉంది సుధా. ఇది కూడా నీ పుస్తకంలో ఉందా? ఒక్క మాత్ర వేసుకోనా? నువ్వు ఊఁ అంటేనే వేసుకుంటాను. నీకు అక్షరాలు దిద్దించింది నేనే అయినా, ఈ చదువు నీది.

నీ
పెద్దమ్మ అమరావతి


మదనపల్లె,
19-8-1999

ప్రియమైన పెద్దమ్మకు,

నీ జాబు చదివి ఎగిరి గంతేశాను. పడుకుంటే ఆయాసం, కూర్చుంటే నయం! ఇంత మంచి లక్షణం వస్తుందని నేను అనుకోనే లేదు. దీనికి విడిగా మార్కులుంటాయి. ఎన్ని దిండ్లు పెట్టుకుని పడుకుంటావని ఎగ్జామినర్ అడిగితే మూడు అని చెప్పు. ఒకటి అన్నావంటే నా పని అయిపోయినట్టే.

మాత్ర జోలికి పోవద్దు. ఇప్పుడు వేసుకుంటే ఉన్న నీరంతా దిగిపోయి ఇన్నాళ్ళ కష్టం మట్టిపాలవుతుంది. నీది ఉత్త భయం. నీ కేసు ఇప్పటికే రాసి పెట్టుకుని రోజూ బట్టీ పడుతున్నాను. నిద్రలో లేపి అడిగినా అప్పజెబుతాను.

30న ఉదయం ఎనిమిదికల్లా ఇక్కడుండు. వార్డులో నేనెవరో తెలియనట్టే ఉండాలి, గుర్తుంచుకో.

నీ
సుధ


మదనపల్లె,
1-9-1999

పెద్దమ్మకు,

నేను ఫెయిలయ్యాను. ఇప్పుడు నీ కడుపు చల్లబడిందా?

నాలుగో మంచం పక్కన నిలబడి నేను గడగడా చెప్పుకుపోతుంటే ఎగ్జామినర్ తల ఊపుతూ వింది. "ఏదీ, ఆ గుంట చూపించు" అంది. దుప్పటి తీసి ఒత్తాను. వేలికి ఎముక తగిలింది. రెండో కాలూ అంతే. దిండ్ల సంగతి నిన్నే అడిగితే, "ఒగటే మేడమ్, అదీ పల్చంది" అన్నావు. వార్డంతా నవ్వింది. ఆవిడ నా కాగితం మీద అడ్డంగా గీత కొట్టింది.

మాత్రలు వేసుకున్నావు, సరే. ఒక్క మాట చెప్పలేకపోయావా? అరగంట నీ పక్కనే కూర్చుని రాశాను కదా! నా కన్నతల్లి అయితే ఇలా చేసేదా?

మళ్ళీ పరీక్ష ఫిబ్రవరిలో. నా మీద ఏమాత్రం దయ ఉన్నా, ఈసారైనా జనవరి నుంచి మాత్ర ఆపు.

సుధారాణి


కుప్పం,
8-9-1999

సుధకు,

పోయిన నెల నీ జాబు అందిన మర్నాడే నేను మదనపల్లె బస్సెక్కాను. నా అవస్థ నీ కళ్ళకు చూపిస్తేనైనా మాత్ర వేసుకోమంటావని ఆశ. పుంగనూరు బస్టాండులో ఊపిరి అందక కూలబడ్డాను. విక్టోరియా అని ఒకావిడ, మిషన్ ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైందట, నా పేరు కూడా అడక్కుండా నేల మీద కూర్చుని నా పాదం ఒత్తి చూసింది. మాత్ర ఆపానని చెప్పాను.

"మాత్ర యాల నిలిపినావు? ఎవురు సెప్పినారు?" అంది.

"మా పాప. నర్సు సదవతాండాది. పరీక్షలో వాపు సూపియ్యాలంట" అన్నాను.

ఆవిడ చెయ్యెత్తి ఆటోను పిలిచింది. తరువాత, "ఇంకా రెండు దినాలు ఇట్లే ఉండింటే పరీక్షకు నీ పీనుగ పోయిండేదమ్మా" అంది. నన్ను ఆస్పత్రిలో చేర్పించి, వారం రోజులు దగ్గరుండి చూసుకుంది. వాపు దిగిపోయింది.

అయినా మాట ఇచ్చాను కదా, 30న వచ్చాను. కాళ్ళ మీద దుప్పటి నేనే కప్పుకున్నాను. నువ్వు దుప్పటి తియ్యగానే, "సుధా, వాపు దిగింది, సూసి రాయి" అని చెవిలో చెప్పాలని కాచుకుని కూర్చున్నాను. అరగంట నా పక్కనే ఉన్నావు, నిజమే. నువ్వు దుప్పటి తియ్యలేదు. ఎలా ఉన్నావని అడగలేదు. నా నాడి పట్టుకోకుండానే నిమిషానికి నూట పది అని రాశావు. అది చూశాక నాకు చెప్పాలనిపించలేదు.

మూడు దిండ్లు అనడం నాకు కష్టమేమీ కాదు. కావాలనే ఒకటి అన్నాను. ఆవిడ గీత కొడుతుంటే నాకు సంతోషమైంది. ఇంటికి వచ్చాక ఏడ్చాను, అది వేరే సంగతి.

కన్నతల్లి అయితే ఇలా చేసేదా అని అడిగావు. చేసేది కాదు. మాత్ర ఆపి, నీకు మార్కులు తెచ్చిపెట్టి, ఆ మంచం మీదే పోయేది. నాకు బతకాలని ఉంది.

ఫిబ్రవరికి వేరే ఎవరినైనా వెతుక్కో. వాళ్ళను కూడా మాత్ర ఆపమంటావేమోనని మీ మేడమ్‌కు ఒక ఉత్తరం, ఆ ఎగ్జామినర్‌కు ఒకటి రాశాను. నీ మూడు జాబుల్లో మొదటి రెండూ చెరొకదానికి జతచేసి పంపాను. మూడోది నా దగ్గరే ఉంచుకున్నాను. మనసు మెత్తబడినప్పుడల్లా తీసి చదువుకుంటాను.

ఇట్లు,
నాలుగో మంచం కేసు