గడియ పడిందో లేదో

బావా,

నువ్వు ఇచ్చిన ఇంగ్లీషు నవల చదివేశాను. నూట యాభై ఏళ్ల కిందటి పల్లెటూరే అయినా పేడ వాసన అచ్చం మా కొట్టందే.

కాలేజీ పిల్లలకు చెప్పే పాఠమంతా పేజీల పక్కన పెన్సిలుతో రాశావు. ఆవు వట్టిపోవడం నాయిక దుఃఖానికి ప్రతీక అట. ఆవిడ వారం రోజులు కిటికీ దగ్గర కూర్చుని ఏడుస్తుంటే పాలు ఎవరు పితుకుతారు? పొదుగువాపుతో ఆవు అల్లాడుతుంటే నీకు ప్రతీక కనబడింది.

ఆమెకు కవితలు రాసే జమీందారు గొప్ప ప్రేమికుడన్నావు. రోజూ వచ్చి ఆమె దొడ్డి గేటు వేసి వెళ్లే పాలేరు పక్కన మాత్రం "బలహీనమైన పాత్ర" అని రాశావు. ఆఖరి పేజీలో "నువ్వైతే ఎవరిని చేసుకుంటావు?" అని అడిగి సంతకం కూడా పెట్టావు. జవాబు కోసం అత్తయ్య రోజూ ఫోన్ చేస్తోంది.

పుస్తకం ఇచ్చి వెళ్లిన రోజు నువ్వు మా గేటు తెరిచి వదిలేశావు. నాలుగు దూడలు రోడ్డెక్కాయి. మూడింటిని నేను పట్టుకొచ్చాను. నాలుగోదాన్ని పశువుల డాక్టరు చేతుల మీద ఎత్తుకొచ్చాడు. వెళ్తూ గేటు వేసి, గడియ పడిందో లేదో లాగి చూసి మరీ వెళ్లాడు.

అది దేనికి ప్రతీకో అత్తయ్యకు నువ్వే చెప్పు.

నీ మరదలు