ఎర్రగొంతుకు నల్లంచు

కుందుర్పి, 1961

సుగుణక్కా,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. ప్రార్థనకు వచ్చినవాళ్ళంతా వెళ్ళాక మీ పెరట్లో గిన్నెలు తోముతుంటే, బావి పక్క కానుగచెట్టు మీద ఈగలు పట్టే పిట్ట ఒకటి వాలింది. గొంతు ఎర్రగా ఉంటే, ఏటా చలికాలం వచ్చేదే అనుకున్నాను. ఇటు తిరిగేసరికి ఆ ఎరుపుకు రెండు పక్కలా, మెడ నుంచి రొమ్ము దాకా నల్లటి అంచు కనిపించింది. ఎరుపు కూడా గొంతు దగ్గర ఆగక పొట్ట దాకా పాకింది.

కాశ్మీరులో పుట్టి చలికి సింహళం పోయే నల్లంచు పిట్ట, ఎప్పుడో ఒకప్పుడు మన కరువు నేల మీదుగా పోకతప్పదని నువ్వు అనేదానివి.

బావను పిలిచాను.

"ఎప్పుడూ వచ్చేదే గదా విమలా," అన్నాడు లేవకుండానే.

"దానికి నల్లంచు యాడుంటాది బావా? అక్క దుర్భిణీ తీసుకొని రా."

నువ్వు పోయినప్పటి నుంచి బావ దాన్ని ముట్టలేదు. లేచి, లోపలికి పోయి తెచ్చాడు.

"అంచు ఉండాది," అన్నాడు చాలాసేపు చూశాక. "మీ అక్క ఉంటే అడుగుదుము."

"అడిగే పనిలేదు బావా. ఇది అదే."

ఇన్నేళ్ళూ ఏ పిట్టనైనా నువ్వు ఔనంటేనే నమ్మేదాన్ని. నిన్న నాకు అనుమానమే రాలేదు.

పిట్ట దక్షిణంగా ఎగిరిపోయింది. ఏడాదిగా నీ మాట ఎత్తని బావ, పొద్దుగూకే దాకా బావి గట్టు మీద కూర్చుని నీ గురించే చెప్పాడు.

నీ చెల్లెలు
విమల