గుమ్మానికి వేలాడదీసిన ముఖం

సలాలా, ఒమన్

ప్రియమైన మార్తక్కకు,

నీ చెల్లెలు కరుణ వందనాలు. దేవుడి దయవల్ల ఇక్కడ నేను తిని తిరుగుతూనే ఉన్నాను. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? బావగారు మందులు వేళకు వేసుకుంటున్నారా? నా గురించి బెంగ పడకు.

ఇక్కడ తుంపర ఇంకా వదల్లేదు. ఉతికిన బట్టలు రూమ్‌లోనే ముక్కిపోతున్నాయి. నాతో ఉండే నర్సు సిస్టర్‌కి నైట్ డ్యూటీలు పడ్డాయి, మాట్లాడే దిక్కు లేదు. కొబ్బరికాయలు, అరటిపళ్లు మనూళ్లోలాగే దొరుకుతాయి, గోంగూరే కరువు. అయినా బాగానే ఉన్నాను.

ఈమధ్య డ్రాయింగ్ క్లాసులో అయిదో తరగతి పిల్లలకు పశ్చిమ ఆఫ్రికా బట్టల గురించి చెప్పానక్కా. ఘనాలో ఎండిన సొరకాయ బుర్ర మీద అచ్చు చెక్కి, బట్ట మీద అద్దుతారు. పెడనలో నువ్వు రోజంతా చేసే అద్దకం పనే అనుకో. మా అక్క కూడా ఇదే చేస్తుందని గొప్పగా చెప్పాను. పిల్లలు బంగాళాదుంపలు కోసి అచ్చులు వేశారు. గోడలకంతా రంగు పూసి, ఆయా చేత నాకు చీవాట్లు పెట్టించారు.

తర్వాత మాస్కులు. సియెర్రా లియోన్‌లో ఆడవాళ్లే పెట్టుకుని ఆడే చెక్క ముఖం ఒకటుంది. నిగనిగలాడే నలుపు, విశాలమైన నుదురు, మెడ మీద మడతలు. అక్కడ అందమంటే అదీ. ఫొటో చూపించగానే క్లాసంతా ఒకటే నవ్వు. "శిరీష! శిరీష!" అంటూ వెనక బెంచీకేసి చూపించారు.

శిరీష వాళ్లది జగిత్యాల వైపు. నాన్న ఇక్కడి రైసూత్ పోర్టులో క్రేన్ నడుపుతాడు. నల్లటి పిల్ల. ఫొటో తీస్తుంటే ఎవరో ఒకరి వెనక్కి వెళ్లి నక్కుతుంది. నాకు ఒళ్లు మండింది. "నవ్వండర్రా, నవ్వండి! ఆ దేశంలో అందానికి పోటీ పెడితే మీలో ఒక్కళ్లూ గెలవరు" అని కేకలేశాను. ఆ పిల్ల మెల్లిగా లేచింది.

"నిజంగనా టీచర్? గీ నలుపునే మంచిదంటరా?"

నిజమేనన్నాను.

ఇక దాన్ని పట్టుకోలేకపోయాం. కాగితాలు నానబెట్టి, మైదా జిగురు కలిపి, నాన్న బూట్ పాలిష్ తెచ్చి రుద్ది రుద్ది ముఖం చేసింది. క్లాసులో అందరూ చేసిన మాస్కుల్లో అదే బాగుంది. బడిలో ప్రదర్శన పెట్టిన రోజు దాని పక్కన నిలబడి, తనంతట తనే ఫొటో తీయమంది. ఈ దేశం వచ్చినందుకు ఆ ఒక్కరోజే సంతోషపడ్డానక్కా.

పోయిన శుక్రవారం వాళ్లమ్మ భోజనానికి పిలిచింది. వెళ్లేసరికి గుమ్మానికి శిరీష చేసిన ముఖం వేలాడుతోంది. దాని కింద నిమ్మకాయ, ఎండుమిరపకాయలు. దిష్టిబొమ్మ!

"మంచిగ చేపిచ్చిన్రు టీచర్" అంది ఆ తల్లి, కల్లాకపటం లేకుండా. "చిన్నది తెల్లగ పుట్టింది గదా, ఒక్కొక్కల కండ్లు మంచిగ ఉండయి. ఇది కట్టినంక ఏడ్వకుంట పండుకుంటుంది."

"ఇది అందమైన ముఖమమ్మా, దిష్టికి కాదు" అన్నాను. ఆవిడ నవ్వి, ఇంకాస్త పప్పు వడ్డించింది.

శిరీష ఏడుస్తుందనుకున్నాను. చెల్లిని చంకనెత్తుకుని నన్నే ఓదార్చింది.

"ఉండనీయుండ్రి టీచర్. నన్ను పక్కన కూసోవెడితే చెల్లెకు దిష్టి తాకదని మా నాయనమ్మ ఎప్పుడో అన్నది. ఇగ నేను బడికి పోయినా ఇది ఉంటది."

కంచంలో చెయ్యి కడిగేసుకున్నానక్కా. ఎంత చెప్పి ఏం లాభం? ఆ పిల్లకు నేను నేర్పింది దిష్టిబొమ్మ చేయడం. ఇంకో పాఠం చెప్పే ఓపిక నాకు లేదు.

బావగారికి, పెద్దత్తయ్యకు వందనాలు చెప్పు. మీ ప్రార్థనల్లో నన్నూ, వీలైతే ఆ పిల్లనూ తలుచుకోండి.

మన లావణ్యకు అయిదో నెల, పాలల్లో కలిపి ఇవ్వడానికి కుంకుమపువ్వు పంపమన్నావు. ఏ రంగున పుట్టినా మన బిడ్డే, పంపనని రాద్దామనుకున్నాను. నిన్న వెళ్లి కొన్నాను. సెలవుకి వస్తున్న సిస్టర్ చేతికిస్తాను. మంచిదే ఇచ్చాడు, ఎర్రగా ఉంది. రోజూ మానకుండా తాగించు. తెల్లగానే పుట్టనీ అక్కా.

నీ దీవెన కోరే చెల్లెలు,
కరుణ