కడిగిన సీసాతో రావలెను

విస్కాన్సిన్ రాష్ట్రం, మానిటోవాక్ పట్టణం, ఎనిమిదో వీధిలో ఇంట్లో బీరు కాచుకునేవాళ్ళకు సరుకులమ్మే లుట్కే కొట్టు యజమానురాలు, కీర్తిశేషుడు హార్లన్ లుట్కే భార్య, వెర్నా లుట్కే అను నేను, నా తదనంతరం ఏది ఎవరికి పోవాలో ఇందుమూలంగా రాసి పెడుతున్నాను. ఈ గురువారం నాకు గుండె ఆపరేషన్. మతి స్థిమితంగా ఉందని డాక్టరు కాగితం ఇచ్చాడు. అడగాల్సిన సలహాలన్నీ నా కౌంటరు ముందు నిలబడి అడిగి, ఇంటికి పోయి సరుకు మాత్రం ఆన్‌లైన్‌లో తెప్పించుకునే జనాన్ని ఇన్నేళ్ళు భరించాక కూడా చెడని మతి ఇక చెడదు. ఎవరి బలవంతమూ లేదు. ఇంతకు ముందు రాసిన వీలునామాలు చెల్లవు.

1. నా చెల్లెలి కొడుకు కర్టిస్ ఈ వీలునామాను అమలు జరపవలెను. ఇల్లు, కారు, బ్యాంకులో మిగిలినది అతనికే చెందవలెను. కర్టిస్ పనిచేసేది ఆన్‌లైన్‌లో బీరు సరుకులమ్మే ఆ పెద్ద కంపెనీ గోదాములోనే. పేరు రాయను, ఊరికే ప్రచారం దేనికి. వాళ్ళ దగ్గర కొన్నవాళ్ళు బీరు పాడైతే వాళ్ళకే ఫోన్ చేస్తారు. అక్కడ ఎవరికీ ఏమీ తెలియదు. అప్పుడు వీడు గోదాము వెనక్కి పోయి నాకు ఫోన్ చేస్తాడు. “పెద్దమ్మా, ఒకాయన పీపాలోంచి కుళ్ళిన గుడ్ల కంపు వస్తోందంటున్నాడు, ఏం చెప్పమంటావ్?” “ఇంకో వారం కదపకుండా ఉంచమను, అదే పోతుంది” అంటాను. నా కొట్టు మూయించేవాళ్ళకు సలహాలు చెప్పేది నేనే, అదీ జీతం లేకుండా. వాడి మీద నాకు కోపం లేదు. మిగతా అందరి మీదా ఉంది.

2. నా ఆడపడుచు మార్లిస్‌కు నా పెద్ద ఎనామిల్ కాగు చెందవలెను. కొట్టు తెరిచిన నాడు గుమ్మంలో నిలబడి “బీరుకి కరువొచ్చిందా ఈ ఊళ్ళో, ఇంట్లో కాచుకోడానికి?” అన్న మనిషి ఈమె. ఆ తరువాత మా ఇంట్లో జరిగిన ప్రతి విందులోనూ హార్లన్ కాచిన బీరును లోటాలకు లోటాలు తాగింది. కాగు ఒక ఈస్టరుకు సూప్ కాస్తానని పట్టుకుపోయింది, ఇప్పటికీ వాళ్ళింట్లోనే ఉంది. ఇక తిరిగి ఇవ్వనక్కరలేదు.

3. కొట్టు మూలనున్న, బీరుకు బార్లీ గింజలు పగలగొట్టే మర మాయ్ షియాంగ్‌కు చెందవలెను. వాళ్ళ మామగారి దగ్గర నేర్చుకున్న బియ్యపు సారా, నా దగ్గర నేర్చుకున్న బీరు, రెండూ చేయగల పిల్ల. మంచు కురిసిన రోజున కూడా నడిచి వచ్చి నా కొట్లోనే కొన్నది. బేరమాడినది కూడా తనే, కాని ఆడి కొన్నది. ఈ మర దగ్గర నేను పడిన బాధ ఆమె పడకూడదు. ఆన్‌లైన్‌లో చవగ్గా వచ్చిందని ఆడించని గింజలు బస్తాలకు బస్తాలు తెప్పించుకుని, “కాస్త ఆడించి పెట్టు వెర్నా, రెండు నిమిషాల పనేగా” అంటూ నా దగ్గరికి మోసుకొచ్చేవాళ్ళు. ఊరికే ఆడించి ఇచ్చాను. పైగా కరెంటు నాది. అలాంటి బస్తాతో వచ్చినవాణ్ణి గుమ్మంలోంచే పంపేసే పూర్తి హక్కు మాయ్‌కు దఖలు పరుస్తున్నాను.

4. ఆర్విల్ జాండర్‌కు ఏమీ లేదు. ఎందుకు లేదో రాయకపోతే నాకు నిద్ర పట్టదు. ఇతను హార్లన్‌కు చిన్ననాటి స్నేహితుడు. బీరు పాడైనప్పుడల్లా ఒక సీసా తెచ్చి నా ముందు పెడతాడు. ఒకసారి తెచ్చినది గాయానికి వేసే పట్టీ వాసన కొట్టింది. ఒక్క గుక్క తాగి, కుళాయి నీళ్ళలో క్లోరిన్ వల్ల అలా అయిందని, నీళ్ళు ముందు కాచి చల్లార్చుకోమని చెప్పాను. “ఇంటర్నెట్టంతా వెతికాను, ఈ ముక్క ఒక్కడూ చెప్పలేదు” అని మురిసిపోయాడు. సాగనంపడానికి బయటికి వెళ్తే అతని కారు వెనక సీటు నిండా ఆ కంపెనీ అట్టపెట్టెలే. ఏరు దాటి తెప్ప తగలేయడమంటే ఇదే. వాళ్ళావిడ పోయినప్పుడు, నెల తరువాత చర్చిలో పెట్టే భోజనాలకు బీరు కాస్తానంటే, మూసిన కొట్టు తలుపు తీసి కావలసినవన్నీ నేనే సర్ది ఇచ్చాను. అది వేరే సంగతి. వీలునామాకు సాక్షి సంతకం పెట్టినవాళ్ళకు అందులోంచి ఏమీ రాకూడదని లాయరమ్మ డెనీస్ కాబెల్ చెప్పింది. అందుకే ఆర్విల్‌ను సాక్షిగా పెట్టుకున్నాను.

5. ఇక ముఖ్యమైనది. కొట్టు నాతోనే మూతపడుతుంది. నడపమని ఎవర్నీ అడగను, మునిగే పడవ ఎక్కమని చెప్పడం పాపం. మిగిలేది ఫ్రిజ్‌లోని తోడు సీసా. హార్లన్ పెంచిన ఈస్ట్ అది. పాలకు తోడు ఎలాగో బీరుకు ఇది అలాగ. అతను పోయాక కూడా వేళకు మేత వేసి బతికించుకుంటూ వచ్చాను. ఎక్కడా కొనడానికి దొరకదు. మొన్న వేసవిలో ఆ కంపెనీ నుంచి ఒక కుర్రాడు వచ్చి, దీన్ని తమకే అమ్మాలని, ఇకమీదట ఇంకెవరికీ చెంచాడు కూడా పోయకూడదని అడిగాడు. “ఒప్పుకో పెద్దమ్మా, కొట్టు కప్పు కారుతోంది” అని కర్టిస్ పోరు పెట్టాడు. కారనీ అన్నాను. జనం ఇరుగూ పొరుగూ ఇచ్చిపుచ్చుకునే వస్తువుకు తాళం వేయనివ్వను.

కాబట్టి నన్ను పూడ్చిన మర్నాడు కర్టిస్ కొట్టు తెరిచి, కడిగిన సీసాతో వచ్చిన ప్రతివారికీ ఒక గరిటె పోయవలెను. వాళ్ళు నా దగ్గర కొన్నవాళ్ళా కాదా అని అడగరాదు. మురికి సీసా తెచ్చినవాణ్ణి వెనక్కి పంపవలెను. ఎవరూ రాకపోతే సింకులో పోసి, నీళ్ళు వదిలి, తలుపు తాళం వెయ్యి నాయనా. ఎవరికీ అక్కర్లేనిదాన్ని బతికించమని నేను ఎవర్నీ బతిమాలను. ఎవరూ రారనే నా నమ్మకం.

6. సంతకాల వేళ చేర్చినది. లాయరమ్మ కొట్లోనే కూర్చుని పై నిబంధనలన్నీ బిగ్గరగా చదివింది. ఆర్విల్ తన గురించి రాసినది విని సంతకానికి కలం అందుకున్నాడు. ఐదోది విన్నాక మాత్రం కలం కింద పెట్టేశాడు. “నేను సంతకం పెడితే ఆ తోడు నాకు రాదా?” అన్నాడు. రాదు అంది లాయరమ్మ. “అయితే పెట్టను. వేరేవాణ్ణి చూసుకోండి.” కంప్యూటర్లో తెప్పించుకోరాదా అన్నాను. “అక్కడ అది దొరకదు కదే వెర్నా” అని లేచి వెళ్ళిపోయాడు. వెనక వీధిలోనే ఇల్లు. సీసా పట్టుకుని వచ్చాడు. మూత తీసి చూస్తే ఊరగాయ వాసన. మళ్ళీ కడుక్కురమ్మన్నాను. పోయి, చేతులు ఎర్రబడేలా వేడినీళ్ళతో కడిగి తెచ్చాడు. దానికి వంక పెట్టలేకపోయాను. నేను బతికుండగానే, నా చేత్తోనే, మొదటి గరిటె ఆర్విల్ సీసాలో పోశాను. వీలునామా ద్వారా అతనికి రావలసినది ఇప్పుడేమీ లేదు కనుక సాక్షి సంతకం పెట్టవచ్చని లాయరమ్మ తేల్చింది. సీసా చంకలో పెట్టుకునే పెట్టాడు. బార్లీ మాత్రం ఇంకా వాళ్ళ దగ్గరే కొంటాడు, నాకు తెలుసు.

ఇది నేను చదివించుకుని, విని, ఒప్పుకుని చేసిన సంతకం.

2023 అక్టోబరు 17, మంగళవారం, మానిటోవాక్.

(సంతకం) వెర్నా లుట్కే

సాక్షులు:
1. ఆర్విల్ జాండర్
2. లెస్టర్ బిట్నర్, పక్క కొట్టు మంగలి