చాంపా చాంపాయే

నాన్నా,

ఈరోజు నీ సంవత్సరీకం. వంట అయ్యాక కాసేపు ఫోను తీశాను. తియ్యకపోతే బాగుండేది.

రైళ్ల పిచ్చివాళ్ల ఆన్‌లైన్ గ్రూపులో నా పేరు బిలాస్‌పూర్. గూడ్సు బండిని దారిలో ఎందుకు ఆపుతారు లాంటివి, నీ దగ్గర విన్నవే, చెబుతుంటాను. ముఖం తెలియని వాళ్లంతా ‘భాయ్‌సాబ్’ అంటూ దండాలు పెట్టేవారు. ఇవాళ ఒకడు, ‘ఏం భాయ్‌సాబ్, భాభీజీ వంట అయిందా?’ అన్నాడు. ‘వండింది నేనే, నేను ఆడదాన్ని’ అని రాశాను.

అంతే. నిన్నటిదాకా గురువుగారన్నవాడు, ‘అచ్ఛా, ఇవన్నీ మీ ఆయన చెప్తారా?’ అన్నాడు. ఇంకొకడు చాటుగా, ‘డియర్, ఒక ఫోటో’ అని పంపాడు. మొన్న నేనిచ్చిన జవాబునే మూడోవాడు మరో మగాడిని అడిగి ఖాయం చేసుకున్నాడు. వెళ్లి సబ్బుతో చేతులు కడుక్కున్నాను.

బిలాస్‌పూర్ రైల్వే కంట్రోల్ ఆఫీసు నుంచి నువ్వు ఫోన్లో స్టేషన్ మాస్టర్లను ఊరి పేరుతోనే పిలిచేవాడివి. చాంపా స్టేషన్‌లో కొత్తగా ఒకావిడ మాస్టరుగా చేరిన రోజు, ఫోను లైన్‌లో ఎవడో ఆడగొంతు విని ఇకిలించాడు. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నా నీ కోపం తగ్గలేదు. ‘ఆడేటి, మగేటి? చాంపా చాంపాయే! బండొదిలిందా లేదా, అదడగాల. నవ్వినోడ్ని నోర్ముయ్యమని, “చెప్పు చాంపా” అన్నాను,’ అన్నావు.

గ్రూపులో ఇంకా ‘అసలు మీరెవరు?’ అని అడుగుతూనే ఉన్నారు. ‘బిలాస్‌పూర్’ అని మళ్లీ రాసి చూస్తూ కూర్చున్నాను. నవ్వే బొమ్మలొచ్చాయి, ఒక గులాబీ కూడా వచ్చింది. ‘చెప్పు బిలాస్‌పూర్’ అని మాత్రం ఎవరూ అనలేదు.